శిబిరమా, సంబరమా?

మొన్నటి ఉగాది సంబరాలకు వచ్చినవారందరూ హాలు గుమ్మం పక్కన వేసిన బల్లను చూసే వుంటారు. ఒక కొసన రాఫుల్ టిక్కెట్లు, మరో కొసన నగల కొట్టు కరపత్రాలు, నడుమ మేము. మెడలో స్టెతస్కోపు, ఎదుట బి.పి. మిషను, నెత్తిమీద "ఉచిత ఆరోగ్య శిబిరం" అని బ్యానరు. పక్కనే స్పీకర్లు దద్దరిల్లుతుంటే బి.పి. చూశాము. అటువంటి చోట చూసిన బి.పి.కి ఎంత విలువ వుంటుందో మాకు తెలియక కాదు. మధ్యాహ్నం స్టేజీ మీదకు పిలిచి శాలువాలు కప్పారు, కప్పించుకున్నాము. గాన యీ వ్యాసంలో మొదటి ముద్దాయిలం మేమేనని ముందుగా మనవి చేసుకుంటున్నాము.

మన వూళ్ళలో శిబిరానికి అర్థం వుంది. డాక్టరు లేని పల్లెకు డాక్టరు వెళ్ళటమే శిబిరం. కంటి శుక్లాలతో మూల కూర్చున్న ముసలమ్మను వెతికి పట్టుకుని ఆపరేషనుకు తీసుకువెళ్ళటం శిబిరం. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు పల్లెల్లో శిబిరాలు పెట్టటం ఆ పథకంలో భాగమైంది. ఐతే గిరావీన్‌లో యే లోటు పూడ్చటానికి యీ శిబిరం? వెస్ట్‌మీడ్ ఆసుపత్రి 1978 నుండీ మన పక్కనే వుంది. టూంగాబీ వైపు నడిచినా, పెండిల్ హిల్ వైపు నడిచినా ఒక జి.పి. బోర్డు కనబడుతుంది. పర్సులో మెడికేర్ కార్డు వుంది. మనకు లేనిది డాక్టరు కాదు, డాక్టరు దగ్గరకు వెళ్ళే అలవాటు. ఆ అలవాటును యీ బల్ల పెంచుతున్నదా, చంపుతున్నదా?

చంపుతున్నదనే మా అభియోగం. రెండేళ్ళ కిందట ఒక పెద్దమనిషికి వేలు గుచ్చి చూస్తే షుగరు 14 వచ్చింది, అంటే మన దేశపు లెక్కలో 250. "ఇప్పుడే రెండు బొబ్బట్లు తిన్నాను డాక్టరుగారూ, అందుకని!" అని నవ్వారు. రెండు బొబ్బట్లకు అంత రాదండీ, రేపే జి.పి.ని చూడండి అని చీటీ రాసి యిచ్చాము. మరుసటి ఉగాదికి మళ్ళీ వచ్చారు, మళ్ళీ వేలు చాపారు. ఈసారి 15. చీటీ ఏమైందంటే చొక్కా జేబులో వుండి వాషింగ్ మిషనులో పోయిందట. ఆయన తప్పు కొంతే. మేము ఫోను చేసి కనుక్కున్నామా? జి.పి.కి రాశామా? లేదు. ఆయన దృష్టిలో పరీక్ష జరిగింది, డాక్టరు చూశారు, ఇక యేడాదిదాకా బాధ్యత తీరింది. ఇక బి.పి. బాగున్నవారి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ చీటీ వారికి బిరియానీ రెండో వాయికి లైసెన్సు. ఆ రోజు భోజనంలో కొలతగా వడ్డించింది ఉగాది పచ్చడి ఒక్కటే.

నడుము కొలిచే టేపు ఆ బల్ల మీద ఎందుకు లేదని ఎవరైనా అడిగారా? మనవాళ్ళకు బి.పి. మిషను కంటే అది ముఖ్యం. దక్షిణాసియావారికి తక్కువ బరువులోనే, చిన్న వయసులోనే షుగరు వస్తుంది. అందుకే 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఆసియావారి బి.ఎం.ఐ. 23 దాటితేనే జాగ్రత్తపడాలన్నారు. అందరికీ చెప్పే 25 మనది కాదు. నడుము మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80. సన్నగా కనబడుతూ బొజ్జ మాత్రం వున్న మన సాఫ్ట్‌వేర్ సోదరులు యీ అంకెలు గోడకు అంటించుకోవలసినవారు. టేపు తీస్తే క్యూ చెదిరిపోతుందని కమిటీవారి భయం.

ఇంకొక సంగతి స్టేజీ మీద పలకటానికి కూడా సిగ్గుపడతాము. యాభై నిండినప్పటి నుండి 74 వరకు, రెండేళ్ళకొకసారి ప్రభుత్వం పేగు క్యాన్సరు పరీక్ష కిట్టు ఉచితంగా యింటికి పంపుతుంది. 2024 జూలై నుండి 45 నిండినవారు కూడా అడిగి తెప్పించుకోవచ్చు. మనలో ఎందరి యిళ్ళలో ఆ కవరు విప్పకుండా అల్మారాలో పడివుందో మాకు తెలుసు, ఎందుకంటే మా యిళ్ళలోనూ చూశాము. మలం నమూనా తీయాలి, పోస్టు చేసేదాకా చల్లగా, వీలైతే ఫ్రిజ్జులో వుంచాలి. పెరుగు గిన్నె పక్కనా! అని ఇల్లాలు, రామ రామ అని అత్తగారు. నవ్వొచ్చే మాటే, కాని తొందరగా కనిపెడితే నూటికి తొంభైకి పైగా నయమయ్యే క్యాన్సరు అది. అలాగే 25 దాటిన ఆడవారు గర్భాశయ ముఖద్వారపు పరీక్షకు 2022 జూలై నుండి నమూనా తామే తీసుకోవచ్చు, డాక్టరు ముందు పడుకోనక్కర లేదు. ఈ రెండు మాటలు మన పత్రికలో ఎన్నడైనా వచ్చాయా? పోనీ, మేమైనా రాశామా?

ఇక అమ్మానాన్నలు. విజిటరు వీసా మీద వచ్చినవారికి మెడికేర్ లేదు. ఆర్నెల్లకు లెక్కపెట్టి తెచ్చుకున్న మాత్రలు అయిపోవస్తే సగానికి విరుచుకుని మింగుతూ, ఛాతీలో బరువుగా వున్నా "అబ్బాయికి ఖర్చు" అని నోరు మెదపరు. గిరావీన్ అంటే యిక్కడి ఆదివాసుల భాషలో పూలుండే చోటట. ఆ పూలచోట పొద్దున్న ఎనిమిది నుండి సాయంత్రం ఆరు దాకా పలకరించే దిక్కులేక కూర్చునే పెద్దలు ఎందరో. డాక్టరు దగ్గర వారికి దుబాసీగా పదేళ్ళ మనవరాలు! 131 450కి ఫోను చేస్తే తెలుగు దుబాసీ దొరుకుతారని, ఆ సాయం అడగటం మన హక్కని చెప్పే బాధ్యత సంఘానిది కాదా?

"ఏదో ఒకటి జరుగుతోందిగా, దానికీ వంకలేనా?" అని మిత్రులు అనవచ్చు. ఆ ఏదో ఒకటే అసలు చేయవలసినదానికి అడ్డం పడుతున్నదని మా బాధ. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి వూళ్ళ వెంట తిప్పారు. జనం ఉత్సవానికి వచ్చినప్పుడు పుస్తకం చూపించి సరిపెట్టుకోలేదు. 2004 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడే, లండనులో 13 మందితో మొదలైన పార్క్‌రన్ 2011లో యీ దేశానికీ వచ్చింది. వారం వారం శనివారం ఉదయం అయిదు కిలోమీటర్లు. టిక్కెట్టు లేదు, ముఖ్య అతిథి లేడు. నడిచేవారు నడుస్తారు, పరుగెత్తేవారు పరుగెత్తుతారు. శాలువా లేకుండా జరిగే పని ఎంతకాలం సాగుతుందో చూడండి!

కమిటీవారికి మా మాట యిది. వచ్చే దీపావళికి మేము ఆ బల్ల దగ్గర కూర్చోము. బ్యానరు వేరెవరికైనా యివ్వండి. ప్రతి ఆదివారం ఉదయం ఎనిమిదింటికి సి.వి. కెల్లీ పార్కులో వుంటాము. పెద్దలను తీసుకురాదలచినవారు, కారు లేకపోతే ముందురోజు ఫోను చేస్తే మేమే వచ్చి ఎక్కించుకుంటాము. బి.పి. మిషను తేము. నడుము టేపు తెస్తాము, ఆ విప్పని కవర్లు మీరు తెచ్చుకోండి.