కుక్కకు రక్తం అంటే నవ్వకండి

పోయిన ఆదివారం మీటింగులో మేము లేచి, "మన ఇళ్ళలో ఉన్న పెద్ద కుక్కల పేర్లు ఒక పుస్తకంలో రాసి పెట్టుకుందాం, ఇంకో కుక్కకు రక్తం అవసరమైతే పనికొస్తుంది" అన్నాం. కొందరు నవ్వారు. ఒకాయన "మనుషులకే దొరకడం లేదు సార్" అన్నారు. అక్కడ జవాబు చెప్పలేకపోయాం, గొంతు పట్టేసింది. అందుకే ఇక్కడ రాస్తున్నాం. మా చదువంతా అరక్కోణంలో అరవ మీడియం. తెలుగు రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాం. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా మణి మీలో చాలామందికి తెలుసు. లాబ్రడార్ కలిసిన కుక్క, ఆరేళ్ళది. పోయిన ఏడు వానాకాలంలో ఉన్నట్టుండి తిండి మానేసింది. మెట్లెక్కలేక మధ్యలో కూర్చుండిపోయింది. ఒంటేలు కాఫీ డికాషన్ రంగులో పోసింది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి, కళ్ళలో పసుపు. కామెర్లేమో, పసరు పోద్దామా అనుకున్నాం. పోయలేదు, అంతవరకు నయం. డాక్టరుగారు గాజు పలక మీద ఒక చుక్క రక్తంలో సెలైన్ కలిపి చూపించారు. విరిగిన పాలలాగా రక్తం గడ్డలు గడ్డలుగా విడిపోయింది. పీసీవీ అనే లెక్క మంచి కుక్కకు సుమారు 37 నుంచి 55 దాకా ఉంటుంది. మణికి 15.

ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక శక్తే తన ఎర్ర రక్తకణాలను శత్రువులనుకుని పగలగొట్టడం ఈ జబ్బు. కాపలావాడు ఇంటివాళ్ళనే దొంగలనుకుని కొట్టినట్టు. కొన్ని కుక్కలకు కారణం తెలియకుండానే వస్తుంది. మన వైపు పిడుదుల వల్ల వచ్చే బెబీసియా, ఎర్లిషియా లాంటివి దీన్ని రేపే అవకాశం ఉంది కాబట్టి ముందు వాటికి పరీక్ష చేస్తారు, ఉంటే వాటికి వేరే మందు ఇస్తారు. పిడుదులంటే కొందరు గోమార్లు అంటారు, అరవంలో ఉణ్ణి.

వైద్యం లేని జబ్బు కాదిది. మొదటి మందు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, చవకైన మాత్ర. మామూలుగా రోజుకు కిలో బరువుకు 2 మిల్లీగ్రాముల దాకా మొదలుపెడతారు, పెద్ద కుక్కలకు ఆ లెక్క తగ్గిస్తారు. అది చాలకపోతే, లేదా జబ్బు మరీ ఉధృతంగా ఉంటే, అజాథియోప్రిన్, మైకోఫినోలేట్, సైక్లోస్పోరిన్‌లలో ఒకటి కలుపుతారు. కిడ్నీ మార్చుకున్న మనుషులు వాడే మందులే ఇవి. ఈ జబ్బులో రక్తం పలచబడినా లోపల గడ్డలు కడుతుంది, ఊపిరితిత్తుల్లో అడ్డం పడి ప్రాణం తీస్తుంది. అందుకని క్లోపిడోగ్రెల్ లాంటిది కూడా ఇస్తారు. మా గుండె మాత్రల డబ్బాలో ఉండేదే. మందులు పట్టేలోపు రక్తం మరీ పడిపోతే ఇంకో కుక్క రక్తం ఎక్కించాలి. దేనికీ లొంగకపోతే ప్లీహం తీసేసే ఆపరేషన్ ఉంది. డోసు మాత్రం డాక్టరుగారే చెప్పాలి, ఈ పోస్టు చూసి ఎవరూ వేయకండి.

మణికి మందు పట్టింది. మూడు వారాల్లో చిగుళ్ళు ఎర్రబడ్డాయి, గేటు దగ్గర అరవడం మొదలుపెట్టింది. అయితే స్టెరాయిడ్ వల్ల బకెట్లకొద్దీ నీళ్ళు తాగేది, రాత్రి హాల్లో పోసేది. మా ఇంటావిడ నాలుగు సార్లు లేచి తుడిచేది. "స్టెరాయిడ్ ఎక్కువ రోజులు వాడితే కిడ్నీలు పోతాయి" అని తెలిసినవాళ్ళు భయపెట్టారు. కుక్క బాగానే ఉంది కదా అని ఇరవై అయిదో రోజున మాత్రలు మేమే ఆపేశాం. డాక్టరుగారిని అడగలేదు.

ఇన్నేళ్ళు రైల్వేలో పనిచేసినవాళ్ళం, మాకైనా తట్టాలి కదా. ట్రాక్ రిపేరయిన చోట వెంటనే పూర్తి స్పీడు ఇవ్వరు. ముందు 20, తర్వాత 45, లైను నిలబడిందని చూసుకుంటూ కాషన్ ఎత్తేస్తారు. ఈ మందూ అంతే. 2019లో అమెరికా పశువైద్య నిపుణుల సంస్థ ఏసీవీఐఎం ఇచ్చిన సూచనల ప్రకారం, రక్తం నిలకడగా ఉందని పరీక్షలో చూసుకుంటూ మూడు వారాలకోసారి సుమారు పావు వంతు తగ్గిస్తారు. మొత్తం వైద్యం నాలుగు నుంచి ఎనిమిది నెలలు పడుతుంది. చిగుళ్ళు ఎర్రబడటం జబ్బు తగ్గిందన్న గుర్తు కాదు, మందు పనిచేస్తోందన్న గుర్తు.

మాత్రలు ఆపిన పదిహేను రోజులకు జబ్బు తిరగబెట్టింది. పీసీవీ 11. ఆ రాత్రి రక్తం కావాలన్నారు. తొమ్మిది గంటల నుంచి ఫోన్లు చేశాం. చెన్నైలో మద్రాస్ వెటర్నరీ కాలేజీలో కుక్కలకు రక్తనిధి ఉందని చుట్టాలు చెప్పారు. బీదర్‌లో అర్ధరాత్రి ఉన్నవాడికి చెన్నై ఏం పనికొస్తుంది? తెల్లారాక ఒక పుణ్యాత్ముడు తన జర్మన్ షెపర్డ్‌ను తెచ్చాడు. అప్పటికే మణికి ఆయాసం మొదలైంది. మధ్యాహ్నం పోయింది.

రాత్రే రక్తం దొరికితే బతికేదని మేము అనం. మంచి వైద్యం అందినా ఈ జబ్బులో చాలా కుక్కలు పోతాయి. తప్పు మాది, మాత్రలు ఆపింది మేము. కానీ మన సంఘంలో ఆ రోజు పెద్ద కుక్కలున్న ఇళ్ళు కనీసం ఆరు ఉన్నాయని తర్వాత తెలిసింది. అందులో రెండు మా వీధి వెనకే.

డబ్బు అడగడం లేదు. పిల్లల స్కాలర్‌షిప్ నిధి ముట్టుకోమనడం లేదు. ఒక పుస్తకం, ఒక పెన్ను చాలు. 25 కిలోలు దాటి, ఏడాది నుంచి ఎనిమిదేళ్ళ లోపు వయసుండి, టీకాలు పడి, పిడుదులు లేని, ఎప్పుడూ రక్తం ఎక్కించుకోని కుక్కలు ఉంటే పేరు, ఫోన్ నంబర్ రాయించండి. ఒకసారి తీసేది 450 మిల్లీలీటర్ల దాకా, కుక్క తేరుకుంటుంది. ముందు దాతకు రక్తపరీక్ష, వీలైతే రెండు రక్తాలు కలిపి చూసే పరీక్ష చేస్తారు. 2004 చట్టంతో ఏర్పడిన పశువైద్య విశ్వవిద్యాలయం నందినగర్‌లో ఉన్న ఊరు మనది. అక్కడి ప్రొఫెసర్లలో ఒకరిని ఒక ఆదివారం పిలిచి ఇవన్నీ అడుగుదాం.

వైద్యం భరించలేక, కుక్క బాధ చూడలేక నొప్పి లేకుండా సాగనంపే వాళ్ళను మేము తప్పుపట్టం. నెలల తరబడి పరీక్షలు, మందులు అందరివల్లా అయ్యేవి కావు. బతికించుకోవాలనుకున్న వాళ్ళకు మాత్రం రక్తం ఎక్కడుందో తెలియకపోవడం ఒక కారణం కాకూడదు.

వచ్చే మీటింగుకు పుస్తకం మేమే కొని తెస్తాం. మొదటి పేరు రాయడానికి మా ఇంట్లో ఇప్పుడు కుక్క లేదు. మీరే రాయించాలి.