బెజవాడ దారులకు తగిన కారు

కారు కొనదలచినవారు మొదట అడిగేది మైలేజీ. మా బెజవాడలో రెండవ ప్రశ్న: "కింద నేల తగులుతుందా?" ఈ ప్రశ్న పుణ్యమా అని ఎత్తైన కార్లు వీధులను నింపేశాయి, సెడాన్లు పలచబడ్డాయి. మారుతి సియాజ్ 2025లో అంగడి నుండే తప్పుకొంది. అయినప్పటికీ గన్నవరం నుండో మంగళగిరి నుండో ప్రతిరోజూ నగరానికి వచ్చిపోయేవారికి మధ్యరకం సెడానే తగినదని నా అభిప్రాయం.

ముందుగా ఒక చిక్కు విప్పుకోవాలి. సెడాన్ పేరుతో అమ్ముడయ్యేవన్నీ ఒక్కటి కావు. 2006 బడ్జెట్టులో నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకు సుంకం తగ్గించారు. దాని ఫలితమే 2008లో 4160 మి.మీ. పొడవుతో పుట్టిన డిజైర్ 2012 నాటికి 3995కు కుదించుకుపోవడం. కత్తెర పడింది డిక్కీకి. 440 లీటర్లది 316 అయింది. సిటీ, వెర్నా, వర్టస్, స్లావియాల డిక్కీలు 500 లీటర్లు దాటుతాయి. డిక్కీ గురించి ఇంత చర్చ ఎందుకంటారా? ఊరి నుండి బియ్యం బస్తా, ఆవకాయ జాడీ, నూజివీడు మామిడిపళ్ల బుట్ట తెచ్చుకునే డెల్టా గృహస్థుకు వాటి వాసన ముందుకు రాకుండా గోడ ఉన్న బండి సెడాన్ ఒక్కటే!

ఇక సుఖం సంగతి. నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బిగుసుకుంటుంది. దానిపై వేసిన తారు అలలు తేలుతుంది. అటువంటి దారిలో ఎత్తైన బండి పక్కలకు ఊగినంతగా, చక్రాల మధ్య ఎడమున్న, నేలకు దగ్గరైన బండి ఊగదు. వంతెనలు వచ్చినా బెంజి సర్కిల్ కింద రద్దీ తీరలేదు గనుక ఎడమ మోకాలిపై దయ ఉన్నవారు ఆటోమేటిక్‌కే ఓటు వేయాలి. సెడాన్‌కు ఒక లోపం ఉన్నదని ఒప్పుకోక తప్పదు: సీటు పల్లంగా ఉంటుంది. ఇంట్లో పెద్దలను వెనుక కూర్చోబెట్టి, వారంతట వారు లేవగలిగితేనే బయానా ఇవ్వండి.

మిగిలింది నమ్మకం. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు నీరు ఏ బండి ఎత్తునూ లెక్కచేయలేదు. నాలుగు వేళ్ల ఎత్తు ఎక్కువున్నంత మాత్రాన వరదకు అడ్డుకట్ట కాదు. అసలు ప్రమాదం నీరు తీశాక తాళం తిప్పడంలో ఉంది. సిలిండరులో చేరిన నీరు గాలిలా నొక్కుకుపోదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. మామూలు సమగ్ర బీమా వరద నష్టాన్ని భరించినా, ఇలా చెడిన ఇంజనుకు సాధారణంగా డబ్బు ఇవ్వదు. ఇంజను రక్షణ పేరిట విడిగా కొద్దిపాటి అదనపు ప్రీమియం కట్టాలి. సంగీతం పెట్టెకూ, పైకప్పు అద్దానికీ వేలు పోసేవారు ఈ చిన్న మొత్తం దగ్గర బేరమాడటం నాకు ఎంతకీ అర్థం కాదు.

పాత కారు కొనేవారికి ఇంకొక్క మాట. మెరుగు చూసి మురిసిపోక, ఆటోనగర్ మేస్త్రీ ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లండి. సీటుబెల్టును చివరిదాకా లాగి చూడండి. స్టెప్నీ తీసి ఆ గుంత అడుగున వేలు పెట్టి చూడండి. పైపైన ఎంత కడిగినా అక్కడి ఒండ్రు తేలికగా వదలదు.