చివరి రెండు గజాలు

రామగుండం కరెంటు జగిత్యాలలోని ఒక ఇంటికి చేరాలంటే చాలామంది కాపలాదారులను దాటాలి. ఆకాశమంత టవర్లు, కంచెలు వేసిన సబ్‌స్టేషన్లు, వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు, గోడకు మీటరు, తలుపు వెనక ఎంసీబీ. ప్రతి చోటా లెక్క ఉంది, ఎవరో ఒకరి బాధ్యత ఉంది. అక్కడి నుంచి కూలరు దాకా మిగిలింది రెండు గజాలు. ఆ రెండు గజాలకు మాత్రం కాపలా లేదు. బస్టాండు ముందు తోపుడుబండి మీద కొన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదుగా సాగుతుంది ఆ ప్రయాణం.

ఈ ప్రాంతానికి కరెంటు విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. 1970లో సిరిసిల్లలో మొదలైన సహకార విద్యుత్ సరఫరా సంఘం, అందరూ పిలుచుకునే ‘సెస్’, దేశంలో ప్రయోగంగా పెట్టిన తొలి ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో ఒకటి. పాలకవర్గాన్ని వినియోగదారులే ఓట్లేసి ఎన్నుకునే సంఘం అది. సిరిసిల్ల కార్మికుడు నాలుగు సాంచెల (మరమగ్గాల) నడుమ నిలబడి, చప్పుడు మారిందంటే ఏ సాంచ మీద దారం తెగిందో చూడకుండానే చెప్పగలడు. అంత సూక్ష్మమైన చెవి ఉన్న మనిషి ఇంటికి పోయాక, ప్లగ్గులోంచి చిటచిటమని వినిపించే సన్నని చప్పుడును ‘ఎప్పుడూ ఉండేదే’ అని వదిలేస్తున్నాడు. నా బాధంతా అక్కడే.

చౌక బోర్డు కొన్నవారిని తప్పుపట్టే మనసు నాకు లేదు. కోరుట్లలో బీడీలు చుట్టి బతికే తల్లికి నూటయాభై రూపాయల తేడా చిన్నది కాదు. పైగా అద్దె ఇళ్ళలో గదికొక్కటే పాయింటు. ఫ్యాను ఒక్కటి, బల్బు ఒక్కటి చాలనుకున్న రోజుల్లో కట్టిన గోడలవి. ఇప్పుడు దుబాయ్ డబ్బుతో లేస్తున్న కొత్త ఇళ్ళలో కూడా సీలింగుకు రంగురంగుల లైట్లు పెట్టి, గోడకు మాత్రం రెండే పాయింట్లు పెట్టి ఊరుకుంటున్నారు. బోర్డు అవసరం అక్కడే పుడుతున్నది.

బోర్డుకు ఎన్ని రంధ్రాలున్నాయో చూసి భయపడతాం. చూడాల్సింది అందులో ఏం గుచ్చుతున్నామో. మామూలు సన్నపిన్ను ప్లగ్గు తట్టుకునేది 6 ఆంపియర్లు. మన 230 వోల్టుల లెక్కన అది 1380 వాట్లు. నాలుగు సెల్‌ఫోన్లు, టీవీ, టేబుల్ ఫ్యాను అన్నీ కలిపినా ఆ దరిదాపులకు రావు. చలికాలం పొద్దున బకెట్లో వేసే 1500 వాట్ల హీటరు రాడ్డు ఒక్కటే చాలు హద్దు దాటడానికి. ఇండక్షన్ పొయ్యి 2000 వాట్లు. కరెంటు రెట్టింపైతే వైరులో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. తలుపు వెనక ఎంసీబీ ఉన్నది కదా అంటారు. 16 ఆంపియర్ల ఎంసీబీ గోడలోని వైరును కాపాడటానికి పెట్టింది. దారంలాంటి బోర్డు వైరు 12 ఆంపియర్లు మోస్తూ లోపల కాగిపోతున్నా అది పడిపోదు. ఈ ఒక్క సంగతి తెలియకనే చాలామంది నిశ్చింతగా ఉన్నారు.

మంచిదేదో, నాసిదేదో ఎట్లా తెలుసుకోవాలి? మొదట చేతికి తెలుస్తుంది. లోపల దళసరి ఇత్తడి పట్టీలు, సరైన రాగి తీగ ఉంటే బోర్డుకు బరువు ఉంటుంది. దుకాణానికి పోయేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం వేసుకుపోండి. ఇత్తడి పిన్ను దానికి అంటదు. అంటిందంటే అది పూత పూసిన ఇనుము. తీగ కొసను చాకుతో గీకితే ఎర్రటి పైపూత కింద తెల్లగా మెరిస్తే అల్యూమినియం. 6 ఆంపియర్లకు 0.75, 16 ఆంపియర్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఉండాలి. ఆ అంకె వైరు మీదే అచ్చు వేసి ఉంటుంది. వైరుకు ఐఎస్ 694, ప్లగ్గు, సాకెట్లకు ఐఎస్ 1293 ప్రమాణాలు. ఐఎస్‌ఐ గుర్తును ఎవరైనా దొంగచాటుగా అచ్చు వేయవచ్చు. అందుకే దాని కింది సీఎం/ఎల్ నంబరును ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొట్టి చూడాలి. ‘స్పైక్ గార్డు’ అని పేరు పెట్టి ఎర్ర లైటు వెలిగించినంత మాత్రాన లోపల రక్షణ ఉన్నట్టు కాదు. ఏ దేశపు పిన్నైనా పట్టే వెడల్పు రంధ్రాలు ఏ పిన్నునూ గట్టిగా పట్టుకోవు. ఆ వదులులోంచే నిప్పురవ్వలు వస్తాయి.

గల్ఫ్ కార్గో పెట్టెల్లో వచ్చే బోర్డుల కథ వేరు. నిజానికి అవి చాలామటుకు మంచివే. పలకల్లాంటి మూడు పిన్నుల ఆ ప్లగ్గులో 13 ఆంపియర్ల ఫ్యూజు దాగి ఉంటుంది. భారం మించితే అదే కాలిపోయి ఇంటిని కాపాడుతుంది. కానీ ఆ పిన్నులు మన గోడకు పట్టవు. అప్పుడేం చేస్తున్నాం? ప్లగ్గును కత్తిరించి రెండు పిన్నులది బిగిస్తున్నాం. ఫ్యూజూ పోయింది, ఎర్తింగూ పోయింది. కొడుకు ఎడారి ఎండలో చెమటోడ్చి కొని పంపిన భద్రతను రెండు నిమిషాల్లో కోసి చెత్తబుట్టలో వేశాం. కోరుట్లలో ఒక బంధువుల ఇంట్లో అట్లాంటి బోర్డు చూశాను. కొత్త ప్లగ్గు చుట్టూ టీ మరక లాంటి గోధుమరంగు. దాని మీదనే కూలరు నడుస్తున్నది.

మూడు రంధ్రాల బోర్డుకు రెండు పిన్నుల ప్లగ్గు ఉంటే ఎర్తింగు లేనట్టే. ఇంకేమీ పరీక్షించకుండా దాన్ని పక్కన పెట్టేయవచ్చు. ఎండలు 45 డిగ్రీలు దాటే ఈ జిల్లాల్లో ఇనుప కూలర్లో నీళ్ళు పోసేది ఇంట్లో మిగిలిన అవ్వ, కోడలు, బడి సెలవుల్లో ఉన్న పిల్లలు. తడి చేతులు, తడి గచ్చు, పక్కనే నేల మీద బోర్డు. ఎర్తింగు లేని కూలరు రేకులోకి కరెంటు దిగితే మనిషి ముట్టేదాకా బయటపడదు. ఎర్తింగు సరిగ్గా ఉండి, మీటరు దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చు పెట్టి ఉంటే, కరెంటు పక్కదారి పట్టిన మరుక్షణం సరఫరా ఆగిపోతుంది.

పరాయి దేశంలో ఉన్న అన్నలకు, తమ్ముళ్ళకు ఒక మనవి. ఈసారి సెలవు మీద వచ్చినప్పుడు ఒక పూట ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగు చూపించండి. గదికి ఇంకో రెండు పాయింట్లు వేయించండి. ఊళ్ళోనే ఉన్నవారు అంతదాకా ఆగనక్కర్లేదు. ఇవాళ రాత్రి, బోర్డు మీద కూలరు ఒక గంట నడిచిన తర్వాత, స్విచ్చు ఆపి, చేతులు తుడుచుకుని, ప్లగ్గు పీకి అరచేతిలో పట్టుకుని చూడండి. వేడిగా తగిలితే ఆ బోర్డును రేపటికి ఉంచకండి.