బొమ్మ చెరిగినది, మాట మిగిలినది

వేసవి సెలవులకు మా ఇంటికి వచ్చిన నా మనుమరాలు, పదునాలుగేండ్ల పిల్ల, రాత్రి భోజనములైన పిదప దీపమార్పి, చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకొని, కన్నులు మూసికొని, మంచముపై కదలక మెదలక పడియుండుట చూచి, పాటలు వినుచున్నది కాబోలునని మొదటి రెండు దినములు నేను పట్టించుకొనలేదు. మూడవనాడు అడిగితిని. “పాటలు కావు తాతయ్యా, టీవీ సీరియల్ వింటున్నా” అన్నది. సీరియలు చూచునది గాని వినునది కాదు గదా యని నేను పరిహసింపగా, “బొమ్మ లేదు. బీబీసీ వాళ్లే చెరిపేశారు. సౌండ్ ఒక్కటే మిగిలింది. అది కూడా అప్పట్లో నాలాంటి పిల్లలు రికార్డు చేసి దాచుకున్నారు కాబట్టి” అని చెప్పి, ఒక ఇయర్‌ఫోను తీసి నా చెవిలో పెట్టినది.

మొదట నాకు వినబడినది మాట కాదు. ఇనుప రంపము దేనినో కోయుచు, ఊపిరాడక రొప్పుచు, దూరమునకు పోయి మరల దగ్గరకు వచ్చునట్టి ఒక వింత ధ్వని. అది కాలయానము చేయు వాహనము బయలుదేరు చప్పుడట. బీబీసీ ధ్వనిశాలలో బ్రయన్ హాడ్జ్‌సన్ అను యువకుడు తన తల్లిగారి ఇంటి తాళపుచెవితో పాత పియానో తీగలను గీచి, ఆ గీతను టేపుమీద పలువిధముల మార్చి దానిని పుట్టించెనని కూడ ఆమెయే చెప్పినది. ఈ సంగతి నాకు ఏ బడిలోను చెప్పలేదు, ఆమెకును చెప్పియుండరు.

ఆమె తల్లికి, అనగా నా కుమార్తెకు, ఈ వ్యాసంగము కంటగింపుగా నున్నది. “నాన్నా, మీరైనా చెప్పండి. పదో తరగతి ముందుంది. అరవై ఏళ్ల నాటి తెల్లవాళ్ల నాటకం వింటూ కూర్చుంటే ఏం ఒరుగుతుంది?” అని నన్ను మధ్యవర్తిని చేసినది. మధ్యవర్తి యైనవాడు ఇరుపక్షముల వాదమును వినవలెను గనుక, ఆ పిల్ల చెప్పిన చరిత్రను నాలుగు రాత్రులు ఓపికగా వింటిని. నా తీర్పు ఆ పిల్ల పక్షముననే యున్నది. కారణములు పాఠకులకు విన్నవించుకొందును.

ఆ ధారావాహిక పేరు ‘డాక్టర్ హూ’. 1963 నవంబరు 23వ తేది శనివారము సాయంకాలము, అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్యకు గురియైన మరునాడు, లోకమంతయు ఆ వార్తతో దిగ్భ్రాంతమైయున్న వేళ, బీబీసీ దాని మొదటి భాగమును ప్రసారము చేసెను. ఆ కలవరములో చూడలేకపోయిన వారికొఱకు మరుసటి వారము రెండవ భాగమునకు ముందు మొదటిదానినే మరల చూపవలసివచ్చెను. పిల్లలకు కొంత చరిత్రయు, కొంత విజ్ఞానమును కథారూపమున అందింపవలెనని తలపెట్టిన ఆ నాటకమునకు నిర్మాత వెరిటీ లాంబర్ట్ అను 27 ఏండ్ల యువతి. మొదటి కథకు దర్శకుడు మన లక్నోలో జన్మించిన వారిస్ హుసేన్, ఆయనకు అప్పటికి 24 ఏండ్లు. డాక్టరను పేరుగల ఒక వృద్ధుడు, ఎచ్చటివాడో ఎవరికిని తెలియనివాడు, లండను వీధులలో పోలీసువారిని పిలుచుటకై నిలిపియుంచెడి నీలిపెట్టె వంటి వాహనములో కాలమునందును, అంతరిక్షమునందును సంచరించుచుండును. ఆ పెట్టె వెలుపల చూడ ఇద్దరు నిలుచునంత, లోపల అడుగిడిన ఒక భవనమంత. డాక్టరుగా నటించిన విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యము క్షీణింపగా, 1966లో నటుని మార్చవలసివచ్చి, నాయకుడు మరణింపక జీర్ణదేహమును విడిచి నూతన దేహమును ధరించునని కల్పించిరి. గీత చదివినవారికి ఈ ఊహలో క్రొత్తదనమేమియు కనబడదు గాని, ఆ ధారావాహిక ఆరు దశాబ్దములు దాటి బ్రదుకుటకు ఆ ఉపాయమే ఆధారమైనది.

ధనము తక్కువ, ఊహ ఎక్కువ. ఆ కథలలోని డాలెక్కులనెడి లోహశరీరుల చేయి, మన ఇండ్లలో సింకు పూడుకొనిపోయినప్పుడు నొక్కెడి రబ్బరు కప్పు. 1975లో వచ్చిన ఒక కథలో మనుష్యుని దేహమునాక్రమించు భయంకర కీటకపు చర్మము, గాజుసామానులకు చుట్టెడి బుడగల ప్లాస్టిక్కునకు ఆకుపచ్చరంగు పూయగా ఏర్పడినది. ఇవి చెప్పునప్పుడు మా పిల్ల ముఖమున ఎగతాళి లేదు, గౌరవమే కలదు. నీలిపెట్టె బొమ్మ యొకటి కొనిపెట్టుమని ఆమె కోరగా, నేను ధర విని చెవిటివానివలె నటించితిని. మరునాటి మధ్యాహ్నమునకు నా మందుల అట్టపెట్టె నీలివర్ణము దాల్చి, తలుపులు, కిటికీలు, నెత్తిన అగరుబత్తి డబ్బా మూతతో చేసిన దీపమును ధరించి, గూటిలో వెలసినది. నా రక్తపోటు మాత్రలు ఇప్పుడు ఒక ప్లాస్టిక్ సంచిలో నివసించుచున్నవి.

ఇక అసలు విషయము. ఆ కాలమున కార్యక్రమములను రెండంగుళముల వెడల్పుగల టేపుపై ముద్రించెడివారు. టేపు మిక్కిలి వెలగలది. చెరిపి మరల వాడుకొనదగినది. నటీనటుల సంఘముతోడి ఒప్పందమువలన పునఃప్రసారములకు హద్దులు కలవు. ఇండ్లలో వీడియోలు లేవు. రంగుల ప్రసారములు వచ్చిన తరువాత నలుపు తెలుపు బొమ్మను కొనువాడు లేడు. కావున 1967 మొదలు పదేండ్లకు పైగా, బీబీసీలోని బాధ్యతగల ఉద్యోగులు, చట్టప్రకారము, లెక్కప్రకారము, ఎవరిమీదను ద్వేషము లేకయే, ఆ టేపులను చెరిపిరి. విదేశములకు విక్రయించుటకై తీసిన 16 మిల్లీమీటర్ల ఫిల్ము ప్రతులను సైతము హక్కుల గడువు తీరగానే ధ్వంసము చేసిరి. మొదటి ఆరేండ్లలో ప్రసారమైన 253 భాగములలో, 2013 నాటి లెక్క ననుసరించి, 97 భాగములకు బొమ్మ లేదు. డాక్టరు మొదటిసారి దేహము మార్చుకొనిన భాగము కూడ ఆ పోయినవానిలోనిదే. ఆ పరివర్తన దృశ్యము మఱియొక పిల్లల కార్యక్రమములో తునుకగా చూపబడినందున కొన్ని క్షణములపాటు మాత్రము దక్కినది.

బొమ్మ పోయిన ఆ 97 భాగములకును ధ్వని పూర్తిగా కలదు. దీనిని కాపాడినది ఏ భాండాగారమును కాదు. శనివారము సాయంకాలము టీవీ ముందు చాపపై గూర్చుండి, స్పీకరునకు ఎదురుగా మైకు నిలిపి, ‘ఎవరూ మాట్లాడకండి’ అని తల్లిదండ్రులను, అన్నదమ్ములను బ్రతిమాలి, టేపు రికార్డరు మీట నొక్కిన కొందరు బాలురు, యువకులు. వారిలో ఒక కుఱ్ఱవాడు, మైకులో ఇంటి చప్పుళ్లు పడుచున్నవని విసిగి, టీవీ వెనుక మూత విప్పి, లోపలి తీగలకు తన తీగను నేరుగా కలిపెను. ఆ కాలపు టీవీల లోపల చేయిపెట్టుట ప్రాణముతో చెలగాట మని ఎఱిగిన పెద్దలు ఆ సమయమున అచ్చట లేకుండుట సాహిత్యమునకు మేలైనది. ఆ కుఱ్ఱవాని టేపులే అన్నింటిలోను స్వచ్ఛమైనవట. చరిత్రను రక్షింపవలెనని వారెవరును అనుకొనలేదు; వారము దినములు ఆగలేక, విన్నదానినే మరల వినుటకొఱకు దాచుకొనిరి. 1990ల నుండి బీబీసీయే ఆ టేపులను తెప్పించుకొని, శుద్ధిచేసి, ప్రకటించినది. వానిమీదనే క్రొత్తగా బొమ్మలు గీయించి 2006లోను, 2016లోను, ఆ పిమ్మటను కొన్ని కథలను మరల లోకమునకు చూపినది. చెరిపినవాడే దాచినవాని గుమ్మమున నిలిచి చేయిచాచిన ఈ ఘట్టము చెప్పునప్పుడు మా పిల్ల మంచముమీద లేచి కూర్చుండును.

ఫిల్ము ప్రతుల వెదకులాటయు ఒక పురాణమే. 1978లో ఇయన్ లెవీన్ అను పాతికేండ్ల అభిమాని, ఆ సంస్థవారి గిడ్డంగికి పోయి, డాలెక్కుల తొలి కథ ఏడు భాగములును ధ్వంసమునకై కట్టగట్టి యుండగా చూచి అడ్డుపడెను. 1983లో లండనులోని ఒక చర్చి నేలమాళిగలో రెండు భాగములు బయల్పడెను. 1991లో హాంకాంగునుండి ఒక కథ సమగ్రముగా తిరిగివచ్చెను. 2013లో నైజీరియాలోని జోస్ నగరపు టీవీ కేంద్రములో తొమ్మిది భాగములు దొరికినట్లు ప్రకటించిరి. వీనియన్నింటికన్న నాకు నచ్చిన ముచ్చట ఆస్ట్రేలియాది: పిల్లలు జడిసికొందురని అచ్చటి సెన్సారువారు కత్తిరించిన తునుకలు ప్రభుత్వ భాండాగారమున భద్రముగా నుండగా, 1996లో అభిమానులే వెదకి పట్టిరి. కథ నశించినది, కథలో చూపగూడదన్నది మాత్రము నిలిచినది.

మన నాట అభిమానమనగానే మనస్సునకు తట్టునది కటౌటుకు పాలాభిషేకము. ఆ పాలు మురుగుకాలువలో కలిసిన పిమ్మట, ఆ చిత్రమునకు గాని, ఆ నటునకు గాని, ఆ పోసినవానికి గాని మిగులునది నాకు తెలియరాదు. మా పిల్ల పొడుగు నోటుపుస్తకములో 97 వరుసలు గీచి, విన్నదానికి ఎఱ్ఱ సిరాతో టిక్కు పెట్టి, ఎదుట తన అభిప్రాయము వ్రాయుచున్నది. “నాలుగో భాగం బోరు” అనియు అందులో కలదు. ఆరాధించు వస్తువులో దోషము చూడగల అభిమానము నాకు సమ్మతము. వస్తువులు కొనుటతో తీరెడి అభిమానము వ్యాపారులకు సమ్మతము. రెంటికిని ఒకే పేరు ఉండుట భాషాదారిద్ర్యము.

ఒరుగునది ఏమి యని నా కుమార్తె అడిగినది గనుక ఒకటి రెండు చెప్పెదను. గ్లాస్గోలో ఒక బాలుడు ఈ ధారావాహికను ప్రశంసించుచు వ్రాసిన లేఖ 1974లో ‘రేడియో టైమ్స్’ పత్రికలో అచ్చైనది. అప్పటికి వానికి పదునైదేండ్లు. వాడు పీటర్ కపాల్డి. 2013లో ఆ డాక్టరు పాత్రకే ఎన్నికయ్యెను. 1989లో ఆగిపోయిన ధారావాహికను 2005లో మరల నిలిపిన రచయిత రసెల్ టి. డేవిస్ దానిని చూచుచు పెరిగినవాడే. వీడియోలు లేని దినములలో పాత కథలను నవలలుగా వ్రాసి, ఒక్కడే అరువదికి పైగా గ్రంథములు వెలయించిన టెరన్స్ డిక్స్ పుణ్యమున, ఆ దేశమున పుస్తకము ముట్టని పిల్లలెందరో పాఠకులైరి. ఐనను ప్రతి అభిమానియు నటుడు కావలెనా? నటుడు కాకున్నచో ఆ ప్రీతి వ్యర్థమా? ఫలము చూపి పిల్లల ఇష్టమును సమర్థింపవలసివచ్చుటయే నాకు చిన్నతనముగా తోచుచున్నది. కావున ఈ వాదమును ఇంతటితో విడిచెదను.

నన్ను బాధించునది వేఱు. 1921లో వచ్చిన ‘భీష్మప్రతిజ్ఞ’, తెలుగువారి తొలి మూగచిత్రము, నేడు ఎచ్చటను లేదు. పూనాలో 1964లో నెలకొనిన జాతీయ చలనచిత్ర భాండాగారమును పెంచి, ఫాల్కేగారి చిత్రములను దక్కించిన పి.కె. నాయరు, చిన్ననాట సినిమా టిక్కెట్ల ముక్కలు ఏరి దాచుకొనిన పిల్లవాడు. ఆ ముక్కలను చూచి ఆ ఇంటివారును ‘ఏం ఒరుగుతుంది’ అనియే యుందురు. ఆ పిల్లవాడు తరువాత పూనా చేరుట మన అదృష్టము. అట్టి పిల్లలు మన ఊళ్లలో ఎందరుండిరో, వారి చేతులలోనుండి ఏయే పెట్టెలు లాగి పాతసామాన్లవానికి వేసితిమో!

దొంగను ఎక్కడనో వెదకనక్కరలేదు. యౌవనమున నాకొక టేపు రికార్డరు ఉండెడిది. ఒక ఆదివారము మధ్యాహ్నము ఆకాశవాణిలో వచ్చిన నాటకమును ట్రాన్సిస్టరు ప్రక్కన దానిని పెట్టి ముద్రించితిని. నడుమ మా అమ్మ, కాకికి అన్నము పెట్టితివా యని నన్ను పిలుచుట కూడ అందులో పడినది. అటుపిమ్మట మా తమ్ముని పెండ్లి సమయమునకు క్రొత్త క్యాసెట్టు దొరకక, దానిమీదనే సన్నాయిమేళము నింపితిని. టేపు ఖరీదు చూచుకొనిన ఆ బీబీసీ గుమాస్తాకును నాకును భేదమేమి? ఈ కథ విని మా పిల్ల చాలసేపు మాటలాడలేదు. పిదప, “తాతయ్యా, ఆ సన్నాయి కింద అమ్మమ్మగారి గొంతు ఇంకా ఉంటుందా?” అని అడిగినది. ఆమెకు ముత్తవ్వ యగు మా అమ్మను ఆమె అట్లే పిలుచును, ఎన్నడును చూడలేదు. ఉండదమ్మా యని చెప్పితిని.

పాఠకులారా, మీ అటకమీద పాత క్యాసెట్టులు, రీళ్లు, నాటకముల కరపత్రములు, సినిమా పాటల పుస్తకములు ఉన్నచో, ఈ సంక్రాంతికి ఇల్లు దులుపునప్పుడు వానిని తూకమునకు వేయకమునుపు, ఇంటిలోని పిల్లలకు ఒక్కసారి చూపుడు. బూజుపట్టిన టేపును వెంటనే త్రిప్పక, తెలిసినవారిచేత శుభ్రము చేయించి ప్రతి తీయింపుడు.