పాచి

మూడు రోజులు తోమకుండా నీళ్లు నింపుకుంటూ పోయిన బిందెలో ఒకసారి వేలు పెట్టి చూడండి. జారుతుంది. నీళ్లు మాత్రం తేటగానే కనిపిస్తాయి. తొలిపితే ఆ జిగురు పోదు. చింతపండో బూడిదో వేసి పీచుతో రుద్దితేనే వదులుతుంది. మన అమ్మమ్మలు దాన్ని పాచి అన్నారు. పొద్దున్నే పళ్లమీద ఉండేదాన్నీ పాచే అన్నారు. రెండూ ఒకే జాతివని వాళ్లకెలా తెలిసిందో గానీ, సైన్సు ఆ రెంటినీ బయోఫిల్మ్ అంటోంది.

బాక్టీరియా అంటే ఒంటరిగా ఈదులాడే సూక్ష్మజీవులని మనం చదువుకున్నాం. నిజానికి అవి ఎక్కువగా బతికేది గుంపుగా. ఎక్కడో ఒకచోట అంటుకుని, జిగురు వదిలి, దాని చాటున కాపురం పెడతాయి. యాంటీబయోటిక్ పడితే పైనున్నవి చస్తాయి. అడుగున తిండి తక్కువ, అందుకని అక్కడివి నిద్రపోతున్నట్టు ఉంటాయి. ఎదిగే బాక్టీరియాను కొట్టే మందులే మనకు ఎక్కువ. నిద్రపోయేవాటిని అవేం చేయలేవు. మందు ఆపగానే లేస్తాయి. విడిగా తిరిగేవాటిని చంపే మోతాదుకు వెయ్యి రెట్లు పోసినా కొన్ని పాచిపొరలు లొంగవు. ఇంకో సంగతి వింటే గుండె గుభేలుమంటుంది. మందును విరిచేసే జన్యువు ఒకదానికుంటే పక్కదానికి ఇచ్చేస్తుందట, మనం పొరుగింటికి పెరుగుతోడు ఇచ్చినట్టు!

మా చెల్లెలి అత్తగారిది భద్రాచలం దాటాక చర్ల దారిలో అడవంచు ఊరు. మూత్రంలో మంటని కొడుకులతో చెప్పుకోలేక, మనవడిచేత దుకాణంలో రెండేసి గోలీలు తెప్పించుకుని మింగేవారు. మంట తగ్గగానే ఆపేవారు. నెల తిరక్కుండా మళ్లీ మొదలు. ఏడాది అలా గడిచాక చలిజ్వరంతో ఖమ్మం తీసుకొచ్చారు. కల్చర్ పరీక్ష కాగితంలో మందుల పేర్ల పక్కన దాదాపు అన్నిటికీ 'ఆర్' అక్షరమే. లొంగదని అర్థం. చివరికి పది రోజులు సూదిమందు ఎక్కించాల్సి వచ్చింది. మూత్రాశయం గోడ కణాల్లో దూరి గుంపులు కట్టే గుణం ఇ.కోలి బాక్టీరియాకు ఉంది. ఈ జబ్బు తిరగబెట్టడానికి అదొక కారణం.

ఆవిడ్ని తప్పుపట్టేవాళ్లతో నాకు పేచీ ఉంది. మిర్చి కోతల్లో కూలి పోగొట్టుకుని, బస్సెక్కి, మగవాళ్ల వరసలో నిలబడి చెప్పుకునే జబ్బా ఇది? డాక్టరు చీటీ లేకుండా వాడొద్దని 2016 నుంచి మందు అట్టలమీద ఎర్రగీత గురించి ప్రచారం చేస్తున్నారు. రెండు గోలీల మేరకు అట్ట కత్తిరించి ఇచ్చేవాడికి ఆ గీత కనపడదా?

అంతకంటే పెద్ద తప్పులున్నాయి. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసి వదిలిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు రాశారు. ఆ మందు మింగిన మనిషి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. దిగువ ఏటి మట్టిలో మందుకు లొంగని జన్యువులు దండిగా ఉన్నాయని 2011లో తేల్చారు. దాని ముందు ఈ పెద్దావిడ రెండు గోలీలెంత!

అలాగని మనం చేయగలిగింది లేదని కాదు. మంట రెండోసారి వస్తే ఇంకో మందు రాయమని కాదు, కల్చర్ చేయించమని అడగాలి. డాక్టరు చెప్పినన్ని రోజులు వాడాలి. జలుబు చేసిందని ఆరెంపీని సూది వేయమని బతిమాలొద్దు. జలుబుకు యాంటీబయోటిక్ పనిచేయదు. మేడమీద ట్యాంకులో క్లోరిన్ పోసి ఊరుకుంటే పొర పోదు, లోపల రుద్దించాల్సిందే.

ఇక కాన్పుల మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి అరవై కాన్పులు ఆపరేషన్లే. ఆపరేషనంటే మూత్రానికి గొట్టం పెడతారు. రోజులు గడిచేకొద్దీ దానికీ పాచి పడుతుంది. దాన్ని తోమలేం, తీసేయడమే. కూతురి మంచం పక్కన కూర్చున్న తల్లులు "ఇది ఇంకా అవసరమా అమ్మా?" అని నర్సమ్మను రోజూ అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.