పగటి నిద్రకు పడకగది

సూరత్ రింగ్ రోడ్డు మీది వస్త్ర విపణులలో రాశులుగా పేర్చిన బట్టలో కొంత తెలుగువారి చేతి మీదుగా వచ్చినదే. తెలంగాణ నుంచి వలస వెళ్ళిన పద్మశాలీలు ఎందరో లింబాయత్ వంటి పేటలలో స్థిరపడి మరమగ్గాలు నడుపుతున్నారు. పన్నెండు గంటల రాత్రిపాళీ ముగించుకొని వచ్చినవారికి పగలే రాత్రి. నిద్ర చాలని మనిషి మళ్ళీ యంత్రం పక్కన నిలబడడం ప్రమాదం. ఇల్లంతా ఒకే గది అయినా, నిద్రించే చోటును తీర్చిదిద్దుకోవలసింది అందుకే.

పైసా ఖర్చు లేనిది మంచం జరపడం. తలాపు వీధిగోడకు, గుమ్మానికి ఎడంగా ఉండాలి.

కొద్దిపాటి సొమ్ముంటే ముదురురంగు మందపాటి గుడ్డను రెండు పొరలుగా కుట్టి కిటికీకి తెర వేయండి. చట్రం కన్న అన్నివైపులా జానెడు ఎక్కువ ఉంచండి. వెలుతురు చొరబడేది అంచుల నుంచే. సింథటిక్ బట్ట నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది గనుక ఏ తెరనైనా పొయ్యికి దూరంగా కట్టండి. పక్కమీదికి చెమట పీల్చే నూలు దుప్పటి మేలు.

మరికొంత వెచ్చించగలిగితే డాబాపై తెల్లసున్నం పూయించండి. ఎండవేడి లోపలికి తక్కువగా దిగుతుంది. ఒక అటక కూడా కట్టించుకుంటే నేల ఖాళీ అవుతుంది. 2006 ఆగస్టులో తాపీ వరద నగరాన్ని ముంచెత్తినప్పటి సంగతి తెలిసినవారికి, ముఖ్యమైన కాగితాలు ఎత్తున ఉండడం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

దేశానికి బట్ట నేసే ఇంట ముందుగా కుట్టవలసినది ఆ కిటికీతెరే.