కైసరు ఎదుట మన చలానా

ఆదివారం ఆరాధనకు ఆలస్యమైందని కారు వేగంగా నడిపాం. మూడు రోజులకు ఫోన్‌కు ఈ-చలానా వచ్చింది. అతివేగానికి 1,000 రూపాయలు, పైన 35. ‘కట్టకండి అయ్యగారూ, కెమెరా సరిగ్గా కొలిచిందని వాళ్లే రుజువు చేయాలి, కోర్టులో కొట్టేయిద్దాం’ అన్నాడు సంఘంలోని ఒక లాయరు సోదరుడు. పౌలు కూడా కైసరు ఎదుటే చెప్పుకుంటానన్నాడు కదా (అపొ.కా.25:11) అని మనసుకు సర్దిచెప్పుకున్నాం.

నిజమే, హక్కు అడగడం అవిశ్వాసం కాదు. విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి, గుట్టుగా వెళ్లిపొమ్మన్న ఫిలిప్పీ అధికారులను పౌలు ఊరికే వదల్లేదు. వాళ్లే వచ్చి తమను బయటికి తీసుకెళ్లాలన్నాడు (16:37). మన నంబరు తగిలించుకుని మరొకరి బండి తిరిగితే, కెమెరా నంబరు తప్పు చదివితే కోర్టుకు వెళ్లాల్సిందే. అన్యాయపు జరిమానాను మౌనంగా కట్టడం భక్తి కాదు, బద్ధకం.

అయితే ఆ 25:11ను మేము సగమే గుర్తుంచుకున్నాం. మరణానికి తగినదేదైనా చేసి ఉంటే చావుకైనా వెనుదీయనని అదే వచనంలో పౌలు ముందుగా అన్నాడు. ప్రాణం విషయంలోనే అంత మాట అన్నవాడి పేరు చెప్పి 1,035 రూపాయలకు వాదిస్తామా? చలానాలోని ఫొటో మళ్లీ చూశాం. కారు మాదే. వేగం తగ్గించమని పక్కసీట్లోంచి మా ఆవిడ హెచ్చరించనే హెచ్చరించింది. ఇక న్యాయమూర్తి ఎదుట ఏమని చెప్పాలి? లాయరు సోదరునికి వందనాలు చెప్పి, సోమవారం మీసేవలో కట్టేశాం.